దుబాసీ గారు

మా అమ్మాయి ఆ కళ్ళజోడు తెచ్చిన రోజు ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరపడ్డట్టు నటించింది నేనే.

"ఇది అమ్మకి నాన్నా. మూడు నెలలు మన దగ్గరే ఉంచుకోవచ్చు," అంది. తను పనిచేసే గ్రంథాలయంలో పుస్తకాలతో పాటు ఇలాంటివి కూడా ఇస్తారట. చూడ్డానికి మామూలు కళ్ళజోడే, కాడలు మాత్రం కాస్త లావు. అది పెట్టుకుని దేన్ని చూస్తే దాని మీద ఈ ఊరి భాషలో దాని పేరు, మన అక్షరాల్లో, గాల్లో వేలాడుతుంది. దాన్ని పైకి చదవాలి. సరిగ్గా పలికితే మాట పచ్చబడుతుంది, తప్పు పలికితే ఎర్రబడుతుంది. ఒక మాటని పదిసార్లు పచ్చగా పలికామంటే అది వచ్చేసినట్టే, ఇక కనిపించడం మానేస్తుంది.

మా ఆవిడ దాన్ని పెట్టుకుని గిన్నెల అలమర వైపు చూసింది. కిటికీ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"మరి మనుషులు మాట్లాడితేనో?" అని అడిగింది.

"వాళ్ళ గడ్డం కింద అక్షరాలు వస్తాయమ్మా. వాళ్ళన్నది పైన, దాని అర్థం మన భాషలో కింద."

"మొత్తం వస్తుందా?"

"మొత్తం. పొల్లుపోదు."

"ఈ వయసులో దానికెందుకే ఇవన్నీ, కళ్ళు పాడవుతాయి. నేను లేనూ?" అన్నాను.

"ఉన్నారు. ఎక్కడికెళ్ళినా మీరు ఉంటూనే ఉన్నారు," అంది మా ఆవిడ. అందులో వెటకారం లేదు. లేదనే ఇప్పటికీ అనుకుంటున్నాను.

మేము ఈ ఊరొచ్చి పన్నెండేళ్ళయింది. యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో ఇద్దరికీ పని. నాది ఇస్త్రీ బల్ల, ఆవిడది కిటికీ పక్క మూడో మిషను. నేను ఆవిడకంటే ఆర్నెల్లు ముందొచ్చాను కాబట్టి ఆ ఆర్నెల్ల భాష నా దగ్గరుంది. నిజం ఒప్పుకోవాలంటే తర్వాత పన్నెండేళ్ళూ నేను నెట్టుకొచ్చింది ఆ ఆర్నెల్ల భాషతోనే. కానీ ఏమీ రానివాళ్ళ మధ్య కొంచెం వచ్చినవాడు పండితుడే కదా. మా భాష వాళ్ళు ఆరుగురు ఆడవాళ్ళున్నారక్కడ. వాళ్ళందరికీ నేను "దుబాసీ గారు".

ఆ పేరంటే నాకు ప్రాణం. వర్క్‌షాపు యజమానురాలు, అందరూ పెద్దావిడ అంటారు, మేడ మీది గదిలోంచి దిగి ఎవరితోనైనా మాట్లాడాలంటే ముందు నన్ను పిలిచేది. నేను ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, చెమట తుడుచుకుని, చొక్కా సర్దుకుని వెళ్ళి ఆవిడ పక్కన నిలబడేవాణ్ణి. ఆ నాలుగడుగులూ నడిచేటప్పుడు నేను ఇస్త్రీవాణ్ణి కాను. ఆస్పత్రిలో నేనే, బళ్ళో నేనే, ఇంటి ఓనరు దగ్గర నేనే. మా ఆవిడ నా వెనక నిలబడి, నేను చెప్పింది విని, తలూపేది. పన్నెండేళ్ళు ఆవిడ ఈ ఊరిని నా నోటితోనే విన్నది. ఆ నోరు ఎలాంటిదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తొమ్మిదేళ్ళ క్రితం ఒక బడి కోసం గళ్ళ బట్టతో కోట్లు కుట్టాల్సి వచ్చింది. గళ్ళ బట్ట కత్తిరించడం తలనొప్పి వ్యవహారం. పక్క కుట్టు దగ్గర గడీకి గడీ కలవాలి, లేకపోతే వేసుకున్న పిల్లవాడు పక్కకి వంగి ఉన్నట్టు కనిపిస్తాడు. కటింగ్ మాస్టరు ఎంత తంటాలు పడ్డా చివరి రెండు కోట్లకి గుడ్డ చాల్లేదు. ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు మా ఆవిడ ఆ బల్ల దగ్గరికి వెళ్ళింది. కాగితం అచ్చుల్ని అటు తిప్పి ఇటు తిప్పి, ఒకదాన్ని తలకిందులుగా పెట్టి, సుద్దతో గీతలు గీసింది. గడులన్నీ కలిశాయి, రెండు కోట్లూ వచ్చాయి, చారెడు గుడ్డ మిగిలింది కూడా. ఇదంతా పెద్దావిడ మెట్ల మీద నిలబడి చూసింది.

నన్ను పిలిచింది. "మీ ఆవిణ్ణి అడుగు, కటింగ్ బల్ల దగ్గరికి వస్తుందేమో. మాస్టరు దగ్గర నేర్చుకుంటుంది. ఆ చెయ్యి మిషను దగ్గర ఉండాల్సిన చెయ్యి కాదు," అంది. 

ఒక్క ముక్క కూడా అర్థం కాకపోలేదు. నా ఆర్నెల్ల భాషకి ఆ రోజు ఎక్కడా లోటు రాలేదు.

కానీ అంతకు నెల ముందే ఆ బల్ల దగ్గరికి నేను వెళ్తానని అడిగాను. పెద్దావిడ నవ్వి, నీ చెయ్యి ఇస్త్రీకే బాగుంటుందంది. ఆ సంగతి నేను ఇంట్లో చెప్పలేదు. ఇప్పుడు ఈవిడ కత్తిరిస్తే నేను ఇస్త్రీ చెయ్యాలా? మాస్టరమ్మ గారి మొగుడని అందరూ ముసిముసిగా నవ్వుకోవాలా? ఇది ఆలోచించడానికి నాకు ఊపిరి పీల్చుకునేంత సేపు కూడా పట్టలేదు. 

మా ఆవిడ వైపు తిరిగి, "గుడ్డ వృథా చెయ్యొద్దంటోంది," అన్నాను.

చాలని గుడ్డలోంచి రెండు కోట్లు తీసిన మనిషి. కళ్ళు ఒకసారి ఆర్పి, "సరే, జాగ్రత్తగా ఉంటానని చెప్పండి," అంది.

నేను పెద్దావిడ వైపు తిరిగి, "వద్దంటోంది. పిల్ల చిన్నదట," అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ శనివారం మా ఆవిడ తన మిషను కింద పడ్డ కత్తిరింపులన్నీ, చిటికెనవేలంత ముక్కలు కూడా వదలకుండా ఏరి, చుట్టగా చుట్టి, దారంతో కట్టి పెద్దావిడ బల్ల మీద పెట్టింది. "ఏమీ పారెయ్యలేదని చెప్పండి. చూసుకోమనండి," అంది నాతో. పెద్దావిడ ఆ చుట్టని, నన్ను మార్చి మార్చి చూసి, ఇదేమిటని అడిగింది. ఏదో ఒకటి చెప్పాలి. "మావాళ్ళ ఆచారం. పని ఇచ్చిన ఇంటికి వారం చివర ముక్కలు సమర్పించుకుంటాం," అన్నాను.

పెద్దావిడ వెంటనే లేచి నిలబడింది. రెండు చేతులతో ఆ చుట్ట అందుకుని తల వంచింది. మా ఆవిడ అది చూసి, ముక్కల లెక్క కూడా ఇంత పట్టింపుగా తీసుకుంటుందా అని బెదిరిపోయింది. ఆ రోజు నుంచి ఒక్క శనివారం తప్పలేదు. మా ఆవిడ ఇవ్వడం, పెద్దావిడ లేచి తీసుకోవడం, మధ్యలో నేను పెద్దమనిషిలా చేతులు కట్టుకుని నిలబడటం.

నాలుగేళ్ళ క్రితం పెద్దావిడ మళ్ళీ అడిగింది. ఈసారి నేను మా ఆవిడ వైపు తిరగను కూడా లేదు. "అంత బాధ్యత తనకొద్దంటుందండీ, నాకు తెలుసు," అనేశాను. మొదటిసారి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండోసారి హాయిగా పడుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఎక్కువ సిగ్గేసేది ఆ రెండోసారికే.

ఇదీ నా సంగతి. ఇక కళ్ళజోడు దగ్గరికొస్తాను.

మొదటి వారం ఇల్లంతా గోలగోల. మా ఆవిడ చెంచాని పిలుస్తుంది, తలుపు గొళ్ళేన్ని పిలుస్తుంది, నీళ్ళ కుళాయి ముందు నిలబడి దానికి పాఠం అప్పజెబుతుంది. "ఏమండీ, పచ్చబడింది!" అని కేకేస్తుంది. నోట్లో నాలుక లేదని నేను అందరి దగ్గరా చెప్పుకున్న మనిషి బకెట్టుతో అరగంట మాట్లాడింది. 

ఒక ఆదివారం పొద్దున్న ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు నేనూ దాన్ని పెట్టుకుని చూశాను. దుబాసీ గారికి పరీక్షేమిటని నవ్వుకుంటూనే పెట్టుకున్నాను. వంటింట్లో నలభై వస్తువులు చూసి ఉంటాను. ఇరవయ్యారు ఎర్రబడ్డాయి. కుర్చీ ఎర్రబడింది. ఉప్పు డబ్బా ఎర్రబడింది. నేను రోజూ అందరి ముందూ ఠీవిగా పలికే ఇస్త్రీ పెట్టె కూడా, ఇంట్లో ఉన్నదాని మీద చూస్తే, నిప్పులా ఎర్రబడింది. వెనకనుంచి మా అమ్మాయి పకపకా నవ్వింది. 

"నాన్నా, నీకు ఒకటో పాఠం నుంచి మొదలుపెట్టాలి."

"ఇది ఆడవాళ్ళ గొంతుకి చేసింది. మగ గొంతు దీనికి అందదు," అన్నాను. అది నమ్మిందో లేదో గానీ నేను మాత్రం నమ్మడానికి చాలా ప్రయత్నించాను.

మా ఆవిడ దాన్ని పనికి కూడా పెట్టుకురావడం మొదలుపెట్టింది. ఒకరోజు మాలో కాలర్లు కుట్టే ఆవిడ నన్ను పిలిచి, "అన్నయ్యగారూ, మోకాళ్ళు లాగేస్తున్నాయి, పెడలు లేని మిషను ఇమ్మని పెద్దావిణ్ణి అడగండి," అంది. అడిగాను. పెద్దావిడ చాలాసేపు ఏదో చెప్పింది. నేను కాలర్లావిడతో, "సోమవారం చూద్దామంది," అన్నాను. 

అప్పుడు మా ఆవిడ తన మిషను దగ్గరనుంచి మమ్మల్నే చూస్తోంది. పెద్దావిడ ముఖం కాదు, ముఖం కింద చూస్తోంది. ఆవిడ కళ్ళు కొసనుంచి కొసకి కదులుతున్నాయి. చదువుతోంది.

ఇంటికొచ్చాక ఉల్లిపాయలు తరుగుతూ అడిగింది. "పెద్దావిడ మూడు మాటలంది కదా. మీరు ఒకటే చెప్పారేం?"

"దుబాసీ పనంటే అంతే. సారం చెప్పాలి, పిప్పి ఎందుకు?"

"సోమవారం దాకా పెడలు తొక్కొద్దు, కూర్చుని గుండీలు కుట్టుకోమంది. అది పిప్పా? పాపం ఆవిడ ఇవాళంతా తొక్కింది."

మర్నాడు తనే కాలర్లావిడ దగ్గరికి వెళ్ళి, ఆ మిగిలిన రెండు మాటలూ చెప్పి వచ్చింది. కాలర్లావిడ నా వైపు ఒక చూపు చూసింది. చాలా చిన్న చూపే, కానీ ఇస్త్రీ పెట్టె వేడికంటే అదే ఎక్కువ తగిలింది.

ఆ తర్వాత నెలన్నరకి నాకు నిద్రాహారాలు తప్పాయి. కటింగ్ మాస్టరుకి చూపు మందగించింది, నెలాఖరుకి మానేస్తున్నాడు. పెద్దావిడ ఒక్కొక్కరినీ మేడ మీదికి పిలిచి మాట్లాడుతోంది. మా ఆవిడ వంతు శనివారం. ఆ గదిలో పెద్దావిడ నోటినుంచి ఆ పాత మాట తప్పక వస్తుంది. వస్తే, ఆవిడ గడ్డం కింద మన అక్షరాల్లో, పొల్లుపోకుండా కనబడుతుంది.

శుక్రవారం సాయంత్రం కళ్ళజోడు వంటింటి గట్టు మీద చార్జింగులో ఉంది. మా ఆవిడ మేడ మీద బట్టలు తీయడానికి వెళ్ళింది. నేను తీగని కాస్త వెనక్కి లాగాను. పూర్తిగా ఊడదీయలేదు. చూసేవాళ్ళకి పెట్టినట్టే ఉండాలి, కరెంటు మాత్రం ఎక్కకూడదు. యాభై రెండేళ్ళవాణ్ణి, కాలేజీ చదువు చదివిన కూతురున్నవాణ్ణి, దొంగపిల్లిలా తీగ లాగి, చప్పుడు కాకుండా వెళ్ళి పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను. పేపరు ఈ ఊరిది. నాకు అందులో బొమ్మలు తప్ప ఏమీ అర్థం కావు.

పొద్దున్న ఆవిడ కళ్ళజోడు తీసి చూసింది. కాడ మీది దీపం వెలగలేదు. ఏమీ అనకుండా మళ్ళీ పెట్టెలో పెట్టింది.

"పోనీలే, నేనున్నాగా," అన్నాను. నా గొంతులోని హుషారు నాకే ఎబ్బెట్టుగా వినిపించింది.

"అవును, మీరున్నారుగా," అంది. 

పెద్దావిడ గది చిన్నది. ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడ పొడుగునా చెక్క బీరువా. మా ఆవిడ కూర్చుంది. శనివారం కదా, చేతిసంచీలో ముక్కల చుట్ట ఉంది. నేను అలవాటు ప్రకారం ఇద్దరి మధ్యా నిలబడ్డాను.

పెద్దావిడ నెమ్మదిగా, మా ఆవిణ్ణే చూస్తూ మాట్లాడింది. "ఇది మూడోసారి అడగడం. మొదటిసారి పిల్ల చిన్నదన్నావు, సరే అనుకున్నాను. రెండోసారి అంత బాధ్యత వద్దన్నావు. మాస్టరు వెళ్ళిపోతున్నాడు. ఆ బల్ల దగ్గర నిలబడాల్సింది నువ్వేనని ఆయన కూడా అంటున్నాడు. ఈసారైనా వస్తావా?"

మా ఆవిడ ముఖంలో ఏమీ కదల్లేదు. చేతులు ఒళ్ళో ఉన్నాయి. నా వైపు తిరిగి, "ఏమంటోందండీ?" అని అడిగింది. 

అంటే అర్థం కాలేదన్నమాట. నాకు ప్రాణం లేచొచ్చింది. అదే క్షణంలో ఇంకో ఆలోచన కూడా వచ్చింది, అది రాలేదని అబద్ధమాడను. ఇప్పుడు చెప్పేయొచ్చు. ఉన్నదున్నట్టు చెప్పేస్తే పాత తప్పు పాతదై పోతుంది, ఏడ్చినా తిట్టినా ఇంటికెళ్ళాక. నోరు తెరిచాను. నోరు తనకి అలవాటైన దారినే పోయింది.

"మాస్టరు మానేస్తున్నాడట. కొత్తవాడెవరో వస్తాడట. గుడ్డ వృథా కాకుండా అందరూ జాగ్రత్తగా ఉండాలంటోంది."

"ఇంకేమీ అనలేదా?"

"లేదు. అంతే."

"బాగా విన్నారా?"

"నేను వినకపోవడమేమిటి?"

ఆవిడ మెల్లగా తలూపింది. తర్వాత పెద్దావిడ వైపు తిరిగి ఈ ఊరి భాషలో మాట్లాడింది. వేగంగా కాదు. గుడ్డకి ముందు పొడుగు కుట్లు వేసుకుంటారే, అలా ఒక్కో మాటా దూరదూరంగా వేసుకుంటూ. 

"మీరు రెండుసార్లు అడిగారని నాకు ఇప్పుడే తెలిసింది. నేను వద్దనలేదు. ఆ మాట నా దాకా రాలేదు. ఈసారి నేనే విన్నాను. వస్తాను."

పెద్దావిడ నన్ను చూసింది. చాలాసేపు చూసింది. నేను బల్ల అంచుని చూస్తూ నిలబడ్డాను. 

మా ఆవిడ సంచీలోంచి చుట్ట తీసి బల్ల మీద పెట్టింది. ఈసారి పెద్దావిడ లేవలేదు. "మరి ఇదేమిటి? ఇది మీ ఆచారమని మీ ఆయన చెప్పాడు," అంది.

ఆచారం అనే మాట మా ఆవిడకి తెలియలేదు. పెద్దావిడ విడమరిచి చెప్పింది. పెద్దలనాటి నుంచి వచ్చే పద్ధతి, మర్యాద కోసం చేసేది అని. మా ఆవిడ విని, "మాకు అలాంటిదేమీ లేదు. నేను గుడ్డ వృథా చేస్తున్నానని మీరు..." అని ఆగిపోయింది. 

ఆ వాక్యం ఆవిడ పూర్తి చెయ్యలేదు, అది కూడా నా కల్పనేనని సగంలోనే తట్టింది. పూర్తి చేసి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి.

పెద్దావిడ లేచి వెళ్ళి బీరువా తలుపులు రెండూ తెరిచింది. అరల నిండా చుట్టలు. తెల్లవి, నీలాలు, ఖాకీలు, బూడిదరంగువి, ఒక మూల ఆ గళ్ళవి. ఒక్కోదానికీ దారం కింద తేదీ రాసిన చీటీ. తొమ్మిదేళ్ళ శనివారాలు. "పారేస్తే మర్యాద కాదనుకున్నాను," అంది పెద్దావిడ.

మా ఆవిడ ఆ అరల ముందుకి వెళ్ళి నిలబడింది. ఒక చుట్టని వేలితో ముట్టుకుంది. ఆవిడ వీపు మాత్రమే నాకు కనిపిస్తోంది. తల ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. భూమిలోకి కుంగిపోవాలనిపించడం అంటారే, అదేదో మాటవరసకి అంటారనుకునేవాణ్ణి.

"నువ్వు కిందికి వెళ్ళు. మేమిద్దరం మాట్లాడుకుంటాం," అంది పెద్దావిడ నాతో. ఆ మాట నాకు ఎవరూ తర్జుమా చెయ్యక్కర్లేకపోయింది.

ఆ సాయంత్రం బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఆవిడ కిటికీలోంచి చూస్తూ దుకాణాల పేర్లు పెదాలు కదుపుతూ చదువుకుంటోంది. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, వంటింటి బల్ల దగ్గర నా ఎదురుగా కూర్చుంది. 

"తీగ లాగింది మీరేనా?"

"ఊఁ."

"నిన్న సాయంత్రమే చూశాను. కావాలనే మళ్ళీ పెట్టలేదు. రెండు వారాలుగా నాకు వర్క్‌షాపులో దేని మీదా మాటలు కనిపించడం లేదు. అన్నీ వచ్చేశాయి. పెద్దావిడ మాటలకి కూడా కిందికి చూడటం మానేశాను."

"మరి ఏమంటోందని నన్నెందుకడిగావు?"

"ఒక్కసారైనా చెప్తారేమోనని."

ఆవిడ కోప్పడితే ఎదురు కోప్పడటం నాకు తెలుసు. ఏడిస్తే ఊరుకోబెట్టడం కూడా తెలుసు. ఆవిడ రెండూ చెయ్యలేదు.

"ఆ మొదటిసారి ఆవిడేమందో చెప్పండి. మాటకి మాట."

చెప్పాను. ఆ చెయ్యి మిషను దగ్గర ఉండాల్సిన చెయ్యి కాదన్న మాట చెప్పినప్పుడు ఆవిడ తన కుడిచేతిని బల్ల మీదనుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. 

"దానికి నేనేమన్నానని చెప్పారు?"

"వద్దన్నావని. పిల్ల చిన్నదని."

"రెండోసారి?"

"అంత బాధ్యత నీకొద్దని."

"ఆవిడ మాట నాకు చెప్పకపోవడం ఒకటి. నేననని మాట నా నోట్లో పెట్టారు. తొమ్మిదేళ్ళు ఆవిడ కళ్ళకి నేను పని చేతకాక వెనక్కి తగ్గినదాన్ని. తొమ్మిదేళ్ళు నా కళ్ళకి ఆవిడ ముక్కలు లెక్కపెట్టే మనిషి. ఇద్దరం ఒకళ్ళకొకళ్ళం తెలియనే లేదు. ఎందుకండీ?" అంది. 

ఎందుకో చెప్పాను. బల్ల నేను అడిగితే ఇవ్వలేదని, ఆవిడకిస్తే నేను చిన్నబోతానని. పైకి చెప్తే అది ఎంత చిన్న కారణమో నాకే తెలిసింది. ఇంత చిన్నదానికా అని ఆవిడ అనలేదు. అనుంటే బాగుండేది.

అప్పుడే మా అమ్మాయి వచ్చింది. మా ముఖాలు చూసి గుమ్మంలోనే ఆగి, "ఏమైందమ్మా?" అంది.

"మీ నాన్న చెప్తారు," అంది మా ఆవిడ లేస్తూ. "అన్నీ చెప్పండి. సారం కాదు."

అన్నీ చెప్పాను. అది నిలబడే విన్నది. చివరికి, "చిన్నపిల్లనని నా మీద పెట్టావా నాన్నా?" అని మాత్రం అని, కళ్ళజోడు పెట్టె తీసుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది. నేను పుట్టి బుద్ధెరిగాక నన్ను అలా చూసినవాళ్ళు ఇంకొకరు లేరు.

ఇది జరిగి నెల దాటింది. మా ఆవిడ నాతో మామూలుగానే ఉంటుంది. అన్నం పెడుతుంది, బస్సు టైము చెప్తుంది. ఆస్పత్రికి మాత్రం ఒక్కతే వెళ్ళొస్తుంది. వర్క్‌షాపులో ఎవరికేం కావాలన్నా నేరుగా ఆవిడ దగ్గరికే వెళ్తారు. ఆవిడ పెద్దావిడ మాటలు పూర్తిగా చెప్తుంది, తెలియని మాటుంటే తెలియదని చెప్తుంది. ఆ ఒక్క మాట, తెలియదన్న మాట, పన్నెండేళ్ళలో నేను ఏ భాషలోనూ అనలేదు. కాలర్లావిడ నన్నిప్పుడు ఇస్త్రీ అన్నయ్య అంటోంది. అందులో తప్పేమీ లేదు, నేను చేసేది అదే. 

నా బల్ల ఇప్పుడు కటింగ్ బల్ల పక్కకి జరిపారు. ముడతలు తీసిన గుడ్డ నేను అందిస్తే ఆవిడ పరుచుకుంటుంది. అచ్చులు పెట్టి, సుద్దతో గీసి, పెద్ద కత్తెరతో ఒక్క ఊపులో కత్తిరిస్తుంది. కత్తెర పోయినచోటల్లా సన్నటి ముక్కలు రాలుతుంటాయి. వాటిని ఆవిడ చూడను కూడా చూడదు. మోచేత్తో అలా నేల మీదికి తోసేస్తుంది.

నిన్న నేను ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, వంగి ఆ ముక్కలు ఏరుతున్నాను. 

"వదిలెయ్యండి, సాయంత్రం ఊడుస్తారు," అంది తలెత్తకుండా, ఈ ఊరి భాషలో.

నాకు అర్థమైంది. అయినా ఏరుతూనే ఉన్నాను.